గుడ్డు వేసిన డబ్బా, వేయని డబ్బా

గుంటూరు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. క్రిస్మస్ ముందు ఆదివారం నీ స్నేహితురాళ్ళు ఐదుగురు పటమటలో మీ ఫ్లాట్‌కి వస్తున్నారట, తలా ఒక రకం కుకీలు చేసుకొచ్చి పంచుకుంటారట, కూర్చుని నక్షత్రాలు చేస్తారట. మొన్నటిదాకా పాలు పొంగిపోతే నన్ను కేకేసిన పిల్లవి, నలుగురిని పిలిచి పండగ చేస్తున్నావంటే కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే ఊఁ ఊఁ అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను.

లెక్క తేలిక. నీతో కలిపి ఆరుగురు. ఒక్కొక్కరు 36 తెస్తే, ఆరు రకాలూ ఆరేసి చొప్పున అందరూ 36 ఇంటికి పట్టుకెళ్తారు. అక్కడ రుచి చూడ్డానికి ఇంకో పది. ఎవరేం చేస్తున్నారో ముందే కనుక్కో, లేకపోతే అందరూ జీడిపప్పువే తెస్తారు. ఓవెన్ లేని పిల్లని గవ్వలు తెమ్మను, మొహమాట పడనివ్వకు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారు అమెరికా నుంచి 1842లో గుంటూరు వచ్చారని ఆదివారం బడిలో బట్టీ పట్టినవాళ్ళమే, అయినా మా అమ్మ పొయ్యి మీద క్రిస్మస్ అంటే బూర్ల మూకుడే. అరిసెలు, కజ్జికాయలు, చక్రాలు. బిస్కెట్లు కావాలంటే మైదా, పంచదార, డాల్డా సంచిలో పెట్టుకుని బేకరీకి వెళ్ళి చేయించుకునేవాళ్ళం.

ఓవెన్‌లోంచి తీసినప్పుడు మెత్తగా ఉన్నాయని మళ్ళీ లోపల పెట్టకు. అంచులు ఎర్రబడితే చాలు, చల్లారాక అవే గట్టిపడతాయి. వేడి మీద మూత పెట్టావో, ఆవిరి పట్టి అన్నీ పాడు.

ఇక అసలు సంగతి.

1987లో మేము బ్రాడీపేటలో ఉండేవాళ్ళం. పక్కింటావిడ నన్ను వదినా అనేది, పొద్దున్న లేస్తే ఒకరి గుమ్మంలో ఒకరం. ఆవిడ గుడ్డు ముట్టదు. పైగా ధనుర్మాసం, తెల్లవారుజామునే గుడికి వెళ్ళొచ్చేది. ఆవిడ కోసమని బేకరీలో ఒక వాయి గుడ్డు లేకుండా చేయించాను. రెండు డబ్బాలూ ఒకేలాంటివి, గుడ్డు వేసినదానికి ఎర్ర దారం కట్టాను. రిక్షాలో ఆ దారం ఎక్కడో ఊడిపోయింది. ఇదే అయ్యుంటుందిలే అని ఒక డబ్బా తీసి ఆవిడ ముందు పెట్టాను.

మొదటిది తిని, ఎంత గుల్లగా వచ్చాయో అంది. రెండోది తుంచింది. లోపల పచ్చగా ఉంది. గుడ్డు లేనివి తెల్లగా ఉంటాయని నాకు తెలుసు. బేకరీలో నా కళ్ళతో చూశాను. నా నోరు పెగల్లేదు. ఆవిడ తినేసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది.

నాలుగు రోజులకి పిల్లల మాటల్లో బయటపడింది. ఆవిడ వచ్చి అరవలేదు. "తెలియక పెట్టావంటే దేవుడూ ఏమీ అనడు, నేనూ అనను వదినా. రెండోది నా చేతిలో ఉండగానే నీకు తెలిసిందా?" అని ఒక్కమాట అడిగింది. తల దించుకున్నాను.

రాకపోకలు ఆగలేదు. కానీ రెండేళ్ళు మా ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏమీ పుచ్చుకోలేదు. మూడో ఏడు సంక్రాంతికి తనే అరిసెలు తెచ్చింది, నేనిచ్చిన అరటిపండు తీసుకుంది. తొక్క ఉన్న పండు కదా. బిస్కెట్ మాత్రం మళ్ళీ ముట్టలేదు.

అందుకని ప్రతి పళ్ళెం ముందూ చీటీ పెట్టు తల్లీ. గుడ్డు ఉందా లేదా, వేరుశెనగ, జీడిపప్పు ఉన్నాయా, అన్నీ రాయి. పల్లీ పడనివాళ్ళకి అది ప్రాణం మీదకి వస్తుంది. పైన జెల్లీలు, మార్ష్‌మాలోలు పెడతారేమో, జెలటిన్ వేసినవైతే అది జంతువులదే, శాకాహారులకి చెప్పాలి. గుడ్డువి, గుడ్డు లేనివి ఒక పళ్ళెంలో కలపకు, పట్టకార్లు కూడా వేరుగా పెట్టు. ఇంత చేసినా పొరపాటు జరిగితే, చూసిన క్షణంలోనే చెప్పెయ్. అందరి ముందూ అయినా సరే, ఆ పిల్ల నోటి దగ్గర చెయ్యి పట్టుకుని అయినా సరే. నామోషీ అనుకోకు.

నక్షత్రాలకి వెదురు బద్దలు నువ్వే ముందు కట్టి ఉంచు, రంగు కాగితం అతికించే పని వాళ్ళకి వదిలెయ్. లేకపోతే సాయంత్రమంతా దారాలు విప్పుకోవడంతోనే సరిపోతుంది. మైదా జిగురు పల్చగా ఉడికించుకో. లోపల కొవ్వొత్తి పెట్టనని నాకు మాటివ్వు, చిన్న ఎల్‌ఈడీ బల్బు చాలు.

శనివారం మీ నాన్న చేత గవ్వలు పంపిస్తున్నాను. నీ 36లో కలపకు, అవి నీకే. డబ్బా ఖాళీగా తిప్పి పంపకు. ఆరు రకాల్లో ఒక్కొక్కటి వేసి, ఆ చీటీలు కూడా అందులోనే పెట్టు. షుగరని మీ మావయ్య కేకలేస్తారులే, ఒక్కొక్కటీ తుంచి చూస్తాను.

మీ అత్తయ్య