రోగిని జరిపితే నడుం పట్టేస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఆసుపత్రిలో ఏడాదికోసారి బరువులెత్తే శిక్షణ ఇస్తారు. మోకాళ్లు వంచాలి, నడుం నిటారుగా ఉంచాలి అని అట్టపెట్టె ఎత్తి చూపిస్తారు. అలాగే చేస్తున్నా, రోగిని మంచం మీద పైకి జరిపిన ప్రతిసారీ నడుం పట్టేస్తోంది. తప్పెక్కడ?
– స్టాఫ్ నర్సు, ఆరిలోవ, విశాఖపట్నం

జవాబు: ఆ అట్టపెట్టె దగ్గరే. పెట్టెను ఒంటికి ఆనించుకోవచ్చు, అది మధ్యలో కదలదు. రోగి మంచం నడుమ ఉంటారు, వంగి చేతులు చాచక తప్పదు. బరువు ఒంటికి దూరమయ్యేకొద్దీ నడుం పూసల మీద భారం పెరుగుతుంది, మోకాళ్లు ఎంత వంచినా సరే. అమెరికాలో ఉద్యోగుల భద్రత, ఆరోగ్యం మీద పరిశోధించే ప్రభుత్వ సంస్థ నియోష్ సామాన్లెత్తడానికి, అన్నీ అనుకూలిస్తే, 23 కిలోలు పరిమితి పెట్టింది. అదే సంస్థకు చెందిన థామస్ వాటర్స్ 2007లో రోగుల విషయంలో దాన్ని 35 పౌండ్లకు, అంటే దాదాపు 16 కిలోలకు తగ్గించాలన్నారు. 60 కిలోల మనిషిని ఇద్దరు ఎత్తితే తలా 30. ఎత్తడం మానేసి, జారేలా చేసుకోవాలి.

అందుకు రెండు స్లైడ్ షీట్లు (ఒకదానిమీద ఒకటి సులువుగా జారే నున్నటి గుడ్డలు) కావాలి. ముందు మంచం బ్రేకులు వేసి, మీ తుంటి ఎత్తుకు లేపండి. తలవైపు వాల్చండి (ఆయాసం, తలకు దెబ్బ ఉన్నవారిని డాక్టరును అడక్కుండా వాల్చకూడదు). దిండు తీసి తలవైపు చట్రానికి ఆనించండి. యూరిన్ బ్యాగు, సెలైన్ గొట్టం లాక్కుపోకుండా వదులు చూసుకోండి. రోగిని పక్కకు తిప్పి, ఒకదానిమీద ఒకటి వేసిన షీట్లను సగం చుట్టి వీపు కింద పెట్టండి. అటువైపు తిప్పి మిగతా సగం లాగండి. భుజాల నుంచి మడమల దాకా రావాలి. మడమలు బయట ఉంటే అక్కడే చర్మం ఒరుసుకుంటుంది.

ఇద్దరూ చెరోవైపు, తలవైపు తిరిగి, ఒక కాలు ముందుకేసి నిలబడండి. పైషీటును రోగి భుజం, తుంటి పక్కనే పట్టుకోండి. బలం చేతుల్లోంచి రాకూడదు, వెనక కాలి బరువు ముందు కాలి మీదకు మారాలి. ‘ఒకటి, రెండు, మూడు’ అని లెక్కపెట్టి లాగేది ‘మూడు’ అన్నప్పుడా, అన్నాకా అన్నది ముందే తేల్చుకోండి. ఒకరు ముందు లాగేస్తే రెండోవారి నడుం మెలిపడుతుంది.

పనయ్యాక మూలను లోపలికి మడిచి ఏటవాలుగా లాగితే షీటు వచ్చేస్తుంది. మర్చిపోయి వదిలేస్తే రోగి మంచం మీంచి జారిపోతారు!

మన సముద్రపు ఉక్కలో చెమటకు దుప్పటి రెగ్జిన్ పరుపుకు అతుక్కుంటుంది. దాన్నే పట్టి గుంజితే మీ నడుముతో పాటు రోగి చర్మమూ దెబ్బతిని పుండ్లు మొదలవుతాయి. అసలు రోగి కిందికి జారేదెందుకు? మంచంలో మోకాళ్ల కింది భాగం లేపకుండా తలవైపు లేపడం వల్లే చాలాసార్లు. ముందు మోకాళ్లు, తర్వాత తల. రోజులో చాలా జరపడాలు తప్పుతాయంటే నమ్మండి.

ప్రశ్న: మా మామగారికి పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. పనిమనిషి చంకల కింద చేతులు పెట్టి ఎత్తి వీల్‌ఛైర్‌లో కూర్చోబెడుతోంది. సరైనదేనా?
– గృహిణి, గాజువాక

జవాబు: వెంటనే ఆపించండి. చచ్చుబడిన వైపు భుజాన్ని కండరాలు పట్టి ఉంచవు, కీలు జారుతుంది. కుర్చీని ఆయన ఎడమవైపు, మంచానికి కాస్త ఏటవాలుగా పెట్టి బ్రేకులు వేసి, ఫుట్‌రెస్టులు మడవండి. మంచం అంచున కూర్చోబెట్టి కళ్లు తిరగడం లేదని తేలాకే లేపాలి. పాదాలు మోకాళ్ల కిందికి లాక్కుని, ముక్కు కాలివేళ్లను దాటేలా ముందుకు వంగితే పిరుదులు వాటంతటవే లేస్తాయి. పట్టు నడుముకు కట్టిన వెడల్పాటి బెల్టు మీద ఉండాలి. ఆయన కుడి మోకాలు ముడుచుకోకుండా పనిమనిషి తన మోకాలు అడ్డుపెట్టాలి. ఆయన ఆమె మెడ పట్టుకోకూడదు, ఎడమచేత్తో కుర్చీ చేతిని అందుకోవాలి. ఎడమ కాలి మీదా బరువు నిలవకపోతే ఈ పద్ధతి పనికిరాదు, హాయిస్ట్ (రోగిని ఎత్తే యంత్రం) అద్దెకు తెచ్చుకోండి. మధ్యలో కూలబడితే పట్టి నిలబెట్టాలని చూడొద్దు. ఆమె తన కాలి మీదుగా మెల్లగా నేలకు జార్చి, తల తగలకుండా చూసుకుంటే చాలు.