అనధికార దూతల వల్ల దౌత్య చర్చలకు ప్రమాదం ఏమిటి?

ఏ మాట ఎవరిదో తెలియకుండా పోవడమే అసలు ప్రమాదం. 1941 నాటి అమెరికా-జపాన్ చర్చలే చూడండి. అమెరికన్ కాథలిక్ మిషనరీలు బిషప్ జేమ్స్ వాల్ష్, ఫాదర్ జేమ్స్ డ్రౌట్ యుద్ధం రాకూడదన్న తపనతో రెండు దేశాల మధ్య తిరిగారు. జనవరిలో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌నే కలిశారు. ఏప్రిల్‌లో డ్రౌట్, జపాన్ వైపు నుంచి బ్యాంకు అధికారి ఇకావా, సైన్యానికి చెందిన కల్నల్ ఇవాకురో కలిసి ఒక ఒప్పంద ముసాయిదా తయారుచేశారు. అది అమెరికా ప్రతిపాదన కాదు. అమెరికా విదేశాంగ మంత్రి హల్ దాన్ని చర్చ మొదలుపెట్టడానికి ఒక ఆధారంగా మాత్రమే ఒప్పుకున్నారు, తన నాలుగు సూత్రాలు (ఇతర దేశాల భూభాగాన్ని గౌరవించడం, వాటి అంతర్గత వ్యవహారాల్లో జోక్యం చేసుకోకపోవడం వంటివి) విడిగా చెప్పారు. జపాన్ రాయబారి నొమురా మాత్రం ఈ తేడా టోక్యోకు స్పష్టం చేయలేదు. వాళ్లు అది వాషింగ్టన్ మాటే అనుకున్నారు! జూన్ 21న అమెరికా అసలు వైఖరి అందేసరికి, మాట మార్చి బిగుసుకుపోయారని టోక్యోకు అనిపించింది.

యుద్ధానికి ఇదొక్కటే కారణమని అనను. చైనాలో జపాన్ చేస్తున్న యుద్ధం, జపాన్‌కు అమెరికా చమురు ఆపేయడం లాంటి గొడవలు చాలా లోతైనవి. కానీ అపనమ్మకం పెరిగింది, విలువైన నెలలు పోయాయి. రహస్య దూతలు పనికిరారనీ కాదు. 1971లో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ కూడా రహస్యంగానే బీజింగ్ వెళ్లారు, కానీ అధ్యక్షుడు నిక్సన్ పంపితేనే వెళ్లారు.