కార్డు మీద నెగెటివ్ అని ఉంటే

అమ్మలూ,

"పెద్దమ్మా, గర్భిణీ కార్డు మీద నా రక్తం నెగెటివ్ అట" అని నిన్న ఫోనులో ఏడుపు గొంతుతో అంటే నవ్వొచ్చింది, కోప్పడకు. అది జబ్బు కాదు. రక్తకణాల మీద డి అనే పదార్థం లేకపోవడం, అంతే. మన దేశంలో నూటికి సుమారు ఐదుగురు నీలాంటివాళ్లే. అల్లుడిది బి పాజిటివ్ అన్నావు కాబట్టి బిడ్డ పాజిటివ్ కావచ్చు. ఆయనా నెగెటివే అయితే ఈ ఉత్తరంతో పనే లేకపోయేది.

కడుపులో బిడ్డ గ్రూపు చెప్పే పరీక్ష ఉందట కదా అన్నావు, నిజమే. తల్లి రక్తంలో బిడ్డ డీఎన్‌ఏ ముక్కలు తిరుగుతాయని 1997లో డెన్నిస్ లో అనే శాస్త్రవేత్త బృందం చూపింది. వాటిలో డి జన్యువు ఉందేమో వెతుకుతారు. డెన్మార్క్‌లో 2010 నుంచి నెగెటివ్ తల్లులకు ఇది చేస్తున్నారు. బిడ్డా నెగెటివే అని తేలితే యాంటీ-డి ఇంజెక్షన్ తప్పుతుంది. తల్లి ఒళ్లు బిడ్డ రక్తం మీద పోరాటానికి దిగకుండా ఆపే మందు అది. మన దగ్గర ఇది మామూలుగా చేసే పరీక్ష కాదు, దానికోసం ఊళ్లు తిరగకు. గ్రూపు తెలియకపోయినా 28వ వారంలో యాంటీ-డి వేయించుకో. బిడ్డ నెగెటివ్ అయితే ఒక ఇంజెక్షన్ వృథా, అంతకన్నా నష్టం లేదు. ఆ పరీక్షలో ఆడా మగా తెలుస్తుందా అని మీ అత్తగారు తప్పక అడుగుతారు. 1994 చట్టం ప్రకారం అది చెప్పడం నేరమని నా మాటగా చెప్పు.

నువ్వు అడిగి చేయించుకోవలసింది ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ అనే రక్తపరీక్ష. చీటీ మీద ఐసీటీ అని రాస్తారు. పాజిటివ్ బిడ్డ రక్తం నీలో కలిస్తే నీ ఒళ్లు దాని మీద పోరాడే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి ఉన్నాయేమో ఈ పరీక్ష చెబుతుంది. తొలి బిడ్డ సాధారణంగా తప్పించుకుంటుంది, దెబ్బ తరవాతి పాజిటివ్ బిడ్డ రక్తకణాలకు తగులుతుంది.

నా భయమంతా ఇక్కడే. రెండేళ్ల కిందట నాలుగో నెలలో పోయిన కడుపు సంగతి డాక్టరుకు చెప్పావా? ఆ మాట ఎత్తవద్దని ఇంట్లో అన్నారని తెలుసు. పరువు సంగతి తరవాత, డాక్టరు లెక్కలో నీకిది రెండో కడుపు. అప్పుడు ఇంజెక్షన్ వేశారేమో బీరువాలో పాత చీటీలు వెతుకు. ఐసీటీ నెగెటివ్ వస్తే ఆ నెగెటివ్‌కు సంతోషించు. యాంటీబాడీలు ఉన్నాయని వస్తే ఇక యాంటీ-డి పనిచేయదు. విశాఖ వెళ్లి చూపించుకోవాలి. బిడ్డ మెదడు రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పోతుందో స్కానింగులో చూసి రక్తహీనతను పసిగడతారు, అవసరమైతే కడుపులోనే రక్తం ఎక్కిస్తారు.

కాన్పయ్యాక బొడ్డుతాడు రక్తంతో బిడ్డ గ్రూపు చూస్తారు. పాజిటివ్ అయితే 72 గంటల్లోపు నీకు మళ్లీ ఇంజెక్షన్. నేను పనిచేసిన ఒకచోట శనివారం రాత్రి కాన్పయింది. బొడ్డుతాడు రక్తం తీసిన గొట్టానికి పేరు చీటీ అంటించలేదు, పారేశారు. సోమవారం బిడ్డ మడమ గుచ్చి మళ్లీ తీశాం. తీరా మందు ఊళ్లో లేదు. శ్రీకాకుళం నుంచి ఐసు ముక్కలు వేసిన టీ ఫ్లాస్కులో తెప్పించాం. ఫ్లాస్కు మూత తిప్పుతుంటే నా చేతులు వణికాయి. అందుకే చెబుతున్నా, తొమ్మిదో నెల రాగానే మందు సిద్ధంగా ఉందా అని ఆసుపత్రిలో అడుగు. ఇంట్లో ఉంచాల్సి వస్తే ఫ్రిజ్ అరలో పెట్టు, ఫ్రీజరులో కాదు.

ఈలోగా రక్తం కనబడినా, పొట్టకు దెబ్బ తగిలినా ఆ రోజే వెళ్లాలి.

కార్డు ఫోటో తీసి పంపు. గ్రూపు రాసిన పేజీ ఒక్కటే కాదు, లోపలి పేజీలు కూడా.

నీ పెద్దమ్మ,
బొబ్బిలి