డ్రైవ్ పెడితే సగం బిల్లు తగ్గుతుందా?

ప్రశ్న: అయ్యా, మాది విజయనగరం కంటోన్మెంటు వైపు 96 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. ఈ ఏడాది అసోసియేషన్ లెక్కలు నా నెత్తిన పడ్డాయి. మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) కరెంటు బిల్లు చూస్తే గుండె గుభేల్‌మంటోంది. ఒకాయన వచ్చి, మోటార్లన్నిటికీ వేగాన్ని మార్చే డ్రైవులు, అదే వీఎఫ్‌డీలు, పెట్టించండి, కరెంటు ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్ నుంచి 40కి దించితే కరెంటు సగానికి సగం మిగులుతుంది అని కాగితం మీద లెక్క కట్టి చూపించాడు. మురుగు ఎత్తే పంపు 2 హెచ్‌పీ, రోజుకి 10 గంటలు నడుస్తుంది. ఫిల్టర్ పంపు 3 హెచ్‌పీ, 6 గంటలు. ట్యాంకులోకి గాలి ఊదే బ్లోయర్ 7.5 హెచ్‌పీ, 20 గంటలు. ఆయన మాట నమ్మొచ్చా?

జవాబు: లెక్క తప్పు కాదండీ, దాన్ని తీసుకొచ్చి మీ మోటార్లన్నిటికీ ఒకేలా తగిలించడం తప్పు. పంపు వేగం తగ్గిస్తే నీళ్లు అదే నిష్పత్తిలో తగ్గుతాయి, కరెంటు మాత్రం వేగం ఘనంలో తగ్గుతుంది, 50లో 40 అంటే 0.8, దాన్ని మూడుసార్లు హెచ్చవేస్తే 0.512, అదే ఆయన చెప్పిన సగం. కానీ ఇది పైపులో రాపిడి తప్ప వేరే భారం లేనప్పటి మాట. మీ మురుగు పంపు పని గోతిలోంచి నీళ్లు పైకెత్తడం. మీరు వేగం తగ్గించారని ఆ ఎత్తు తగ్గదు కదా!

మీ పంపు 50 హెర్ట్జ్ దగ్గర మహా అయితే 10 మీటర్లు తోయగలదు, ఎత్తాల్సింది 5 మీటర్లు అనుకోండి. 35 హెర్ట్జ్‌కి దించారా, దాని సత్తా 4.9 మీటర్లే. మోటారు తిరుగుతుంది, మీటరూ తిరుగుతుంది, చుక్క నీరు పైకి రాదు. అంతకంటే కాస్త పైన నడిపితే నీళ్లు సన్నగా వచ్చి, 10 గంటల పని 18 గంటలు పడుతుంది, పైగా అంత నెమ్మదిగా వెళ్లే మురుగులో ఇసుక పైపులోనే పేరుకుంటుంది, గుడ్డపేలికలు పంపు లోపల తిరిగే చక్రానికి (ఇంపెల్లర్‌కి) చుట్టుకుంటాయి. అందుకని గంటకి ఎన్ని యూనిట్లు అని అడక్కండి, వెయ్యి లీటర్లు ఎత్తడానికి ఎన్ని యూనిట్లు అని అడగండి. అమ్మేవాళ్లకి ఈ ప్రశ్న అంతగా నచ్చదు.

ఒక్క చోట మాత్రం ఆ పంపుకీ డ్రైవ్ పనికొస్తుంది. కిందకి దిగి చూడండి, పంపు నుంచి ఒక పైపు మళ్లీ అదే ట్యాంకులోకి వెనక్కి పోతోందా? చిన్న ఎస్టీపీల్లో పంపు అవసరానికి మించి పెద్దది కావడంతో ఎత్తిన నీళ్లలో సగం బైపాస్‌లో తిరిగి కిందే పోస్తుంటారు. అలా ఉంటే డ్రైవ్ పెట్టొచ్చు, లేదా పంపు పాడైనప్పుడు చిన్నది కొనుక్కోవచ్చు. నేనైతే రెండోదే చేస్తాను.

అసలు మీ కరెంటు తినేది బ్లోయర్. మోటార్లు పూర్తి లోడులో నడుస్తాయనుకుంటే మురుగు పంపుకి రోజుకి 15 యూనిట్లు, ఫిల్టర్ పంపుకి 13, బ్లోయర్‌కి 110. ఇక్కడా ఓ మెలిక ఉంది. మీది మామూలు లోబ్ బ్లోయరే, అంటే తిరిగిన ప్రతిసారీ ఇంత అని లెక్కగా గాలి తోసేదే అయ్యుంటుంది, దానికి ఘనం లెక్క వర్తించదు. ట్యాంకులో నీటి లోతును బట్టి ప్రెషర్ ఎప్పుడూ అంతే ఉంటుంది కాబట్టి 40 హెర్ట్జ్‌కి దించితే మిగిలేది సుమారు ఐదో వంతు, అంటే 20 గంటలూ అలాగే నడిపితే రోజుకి 22 యూనిట్లు. ఆయన చెప్పిన సగం కాదు, అయినా మీ మురుగు పంపు రోజంతా తినేదానికంటే ఇదే ఎక్కువ! అందుకే మూడు డ్రైవులు వద్దు, ఒక్కటి కొనండి, బ్లోయర్‌కి. 22ని మీ బిల్లులో ఉన్న యూనిట్ రేటుతో హెచ్చవేస్తే, పెట్టిన డబ్బు ఎన్నాళ్లకి తిరిగొస్తుందో తెలిసిపోతుంది.

పొద్దున్నే అందరూ స్నానాలు చేసే వేళ పూర్తి వేగం, అర్ధరాత్రి దాటాక తక్కువ. నీళ్లలో ఆక్సిజన్ లీటరుకి 2 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే చాలు, 4, 5 చూపిస్తుంటే మీరు డబ్బుని బుడగలు చేసి వదులుతున్నట్టే. అలాగని మరీ దించేయకండి. గాలి ట్యాంకుని కలియబెట్టే పని కూడా చేస్తుంది, అది ఆగితే బురద అడుగుకి చేరి కంపు కొడుతుంది, అప్పుడు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు మీ తలుపు తడతారు. బ్లోయర్ కనీసం ఎంత వేగంతో తిరగాలో కంపెనీని అడిగి, దానికి దిగువన నడపకండి, వేడెక్కిపోతుంది.

ప్రశ్న: నేను శ్రీకాకుళంలో ఒక హోటల్ ఎస్టీపీ ఆపరేటర్‌ని సార్. ఏడాదిలో రెండు డ్రైవులు పోయాయి. వోల్టేజీ వల్లే అంటున్నారు. నిజమేనా?

జవాబు: కావచ్చు. కానీ ముందు ప్యానెల్ ఎక్కడుందో చూడు బాబూ. ట్యాంకు పక్కన అదే గదిలో ఉంటే నాకు అనుమానం గాలి మీదే. మురుగులోంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగిని తినేస్తుంది, మనకి సముద్రపు చెమ్మ దానికి తోడు. పోయిన డ్రైవ్ ఇంకా పారేయకపోతే విప్పించి బోర్డు చూడు, రాగి గీతలు నల్లబడి ఉంటే వోల్టేజీని తిట్టి లాభం లేదు. ప్యానెల్‌ని బయట గోడకి, వాన పడని చోటికి మార్పించు, కేబుల్ వెళ్లే కన్నాలు మూయించు. కొత్త డ్రైవ్ తర్వాత కొనొచ్చు.