నేవీ ఉండగా మళ్లీ కోస్ట్‌గార్డ్ దేనికి?

నేవీ ఉంది, మెరైన్ పోలీసులున్నారు, మధ్యలో కోస్ట్‌గార్డ్ దండగ కాదా అన్నది ప్రశ్న. దొంగ బంగారం మోసే పడవ వెంట యుద్ధనౌకను తరిమించడమే అసలు దండగ. 1960లు, 70లలో కస్టమ్స్ వాళ్లకు సరైన బోట్లు లేక స్మగ్లింగ్ ఆపడానికి నేవీని పిలవాల్సి వచ్చేది. 1974లో ముంబై దగ్గరి సముద్రంలో, బాంబే హైలో చమురు పడింది. కాపలా కాయాల్సినవి పెరిగాయి. సముద్రం మీద కాపలా సంగతి చూడమని ఆ ఏడాదే రుస్తంజీ కమిటీ వేశారు. ఆయన సరిహద్దు దళం బీఎస్ఎఫ్‌ను నిలబెట్టిన మనిషి. 1977 ఫిబ్రవరి 1న నేవీ ఇచ్చిన రెండు పాత ఫ్రిగేట్లు (ఓ రకం యుద్ధనౌకలు), అయిదు గస్తీ బోట్లతో కోస్ట్‌గార్డ్ పని మొదలైంది. కృపాణ్, కుఠార్ అనే ఆ ఫ్రిగేట్లు సబ్‌మెరైన్లను వేటాడ్డానికి కట్టినవి! చట్టం 1978లో వచ్చింది. హోంశాఖ కిందిదని చాలామంది అనుకుంటారు గానీ, ఉండేది రక్షణ శాఖ కింద.

చరిత్ర సరే, చేపల వేటకెళ్లేవాళ్లకు కావలసింది వేరు. ఇంజిన్ ఆగగానే సెల్‌ఫోన్‌లో ఇంటికి కొడతారు. ఇంట్లోవాళ్లు సంఘం పెద్దకు, ఆయన ఇంకొకరికి... ఈలోపు బోటు ఎటో కొట్టుకుపోతుంది. సిగ్నల్ ఉంటే నేరుగా కోస్ట్‌గార్డ్ నంబరు 1554కు చేయండి. లేకపోతే బోటులోని వీహెచ్ఎఫ్ రేడియోలో 16వ ఛానల్: మేడే (ఆపదలో ఉన్నామనే పిలుపు) అని మూడుసార్లు, బోటు పేరు, పొజిషన్, ఏమైంది, ఎంతమంది ఉన్నారు. చెప్పాక బటన్ వదలాలి. నొక్కిపట్టి ఉంచితే అవతలి మాట వినపడదు సరికదా, ఆ ఛానల్‌లో ఇంకెవరూ మాట్లాడలేరు.

ఎక్కువ కొంప ముంచేది పొజిషనే. జీపీఎస్‌లో 16 డిగ్రీల 45.5 నిమిషాలు కనిపిస్తుంటే కొందరు "పదహారు పాయింట్ నాలుగు అయిదు అయిదు" అని చదివేస్తారు. అవతల దాన్ని 16.455 డిగ్రీలుగా రాసుకుంటే వెతుకులాట 33 కిలోమీటర్లకు పైగా దక్షిణాన మొదలవుతుంది. "డిగ్రీలు", "నిమిషాలు" అని విడివిడిగా పలకండి, రెండుసార్లు చెప్పండి.

ఉపగ్రహం ద్వారా ఆపద కబురు పంపే డాట్ పరికరం ఉంటే బోటులో, చేతికందేచోట ఉంచాలి. బీరువా మీద పెట్టి వెళ్లేవాళ్లకు ఏం చెప్తాం! కొత్త రకంలో కబురు అందిందన్న జవాబు కూడా వస్తుంది.

లంగరు అందని లోతైతే వల మూటకట్టి, పొడుగాటి తాడుతో అణియం (బోటు ముందు కొస) నుంచి వదలండి. బోటు కెరటానికి అడ్డం తిరగదు, కొట్టుకుపోయే వేగమూ తగ్గుతుంది. చెప్పిన పొజిషన్‌కు దగ్గర్లోనే దొరుకుతారు.