టెక్ సందేహాలు: షాపు కరెంటు బిల్లు కంపెనీ కడితే ఎక్కడ రాయాలి?

ప్రశ్న: పీణ్యలో నాకు ఆటో విడిభాగాలు తయారుచేసే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. ఆ సరుకు అమ్మడానికి నేనూ మా తమ్ముడూ కలిసి జె.సి. రోడ్డులో పార్ట్‌నర్‌షిప్ ఫర్మ్ పెట్టాం. రెండింటి లెక్కలకూ టాలీప్రైమ్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. ఫర్మ్ ఖాతాలో డబ్బు లేనప్పుడు షాపు అద్దె, బెస్కాం కరెంటు బిల్లు కంపెనీ ఖాతా నుంచే కడతాను. ఏడాది చివర చూస్తే, ఫర్మ్ ఇవ్వాలని కంపెనీ పుస్తకం చూపే బాకీకీ, ఫర్మ్ పుస్తకం చూపే బాకీకీ 1,84,000 రూపాయల తేడా! ఆడిటర్ అడుగుతుంటే టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్ రెండుచోట్లా తనే ఎక్కించదా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: ఎక్కించదండి. టాలీలో ఒక సంస్థ పుస్తకంలో వేసిన వోచర్ (లావాదేవీ నమోదు) రెండో సంస్థ పుస్తకంలోకి దానంతట అది వెళ్లదు. అన్నదమ్ముల మధ్య చేబదులు నోటిమాట మీద నడుస్తుంది. మీ ఫర్మ్, మీ కంపెనీ మాత్రం చట్టం దృష్టిలో వేరువేరు. అందుకే ప్రతి చేబదులునూ రెండు పుస్తకాల్లో రాయాలి.

షాపు బిల్లు 9,200 రూపాయలు కంపెనీ కట్టిందనుకోండి. కంపెనీలో ఎఫ్5 పేమెంట్ వోచర్ తెరిచి ఫర్మ్ లెడ్జర్‌కు (ఫర్మ్ పేరిట ఉన్న ఖాతాకు) డెబిట్, బ్యాంకుకు క్రెడిట్ వేయండి. చాలామంది ఇక్కడే కరెంటు ఖర్చు లెడ్జర్‌కు డెబిట్ వేసేస్తారు. అది కంపెనీ ఖర్చు కాదు, రావాల్సిన బాకీ. అదే తేదీన ఫర్మ్‌లో ఎఫ్7 జర్నల్ వోచర్‌తో కరెంటు ఖర్చుకు డెబిట్, కంపెనీ లెడ్జర్‌కు క్రెడిట్ వేయండి. నరేషన్‌లో (వోచర్ కింద వివరణ రాసే చోట) రెండుచోట్లా ఒకే బిల్లు నంబరు రాస్తే వెతుక్కోవడం సులువు.

సరుకు లెక్కను మాత్రం ఈ చేబదులు లెడ్జర్‌లో కలపకండి. దానికి కంపెనీలో సండ్రీ డెటార్స్ (మనకు బాకీ ఉన్నవారు), ఫర్మ్‌లో సండ్రీ క్రెడిటార్స్ (మనం బాకీ ఉన్నవారు) కింద వేరే లెడ్జర్ తెరవండి. సంబంధం ఉన్న సంస్థల మధ్య వ్యాపారంలో భాగంగా సరుకు చేతులు మారితే, డబ్బు తీసుకోకపోయినా జీఎస్టీ దృష్టిలో అది సప్లైయే. ఇన్‌వాయిస్ తప్పదు. ఫర్మ్‌కు పూర్తి ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోలుపై కట్టిన జీఎస్టీని తన పన్నులో తగ్గించుకునే వీలు) వచ్చేటట్లయితే ఇన్‌వాయిస్‌లో వేసిన ధరనే మార్కెట్ విలువగా తీసుకుంటారు.

ఇక ఆ తేడా. రెండు లెడ్జర్లనూ నెలవారీగా తెరిచి పక్కపక్కన పెట్టండి. ముగింపు నిల్వలు మొదటిసారి ఏ నెలలో విడిపోయాయో చూసి, ఆ నెలలోకి మాత్రమే వెళ్లండి. ముందుగా 92,000 రూపాయల ఎంట్రీ ఉందేమో వెతకండి. డెబిట్ వేయాల్సిన చోట క్రెడిట్ వేస్తే తేడా రెట్టింపవుతుంది, మీ తేడాలో సగం అదే. అది కాకపోతే ఒకవైపు రాసి రెండోవైపు మరిచిపోయిన బిల్లులే అయి ఉంటాయి.

దొరికిన తప్పును డిలీట్ చేయాలని చూడకండి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలు వాడే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో మార్పుల చరిత్ర నమోదు కావాలి. టాలీలో దాన్నే ఎడిట్ లాగ్ అంటారు. ఆడిట్ పూర్తయిన ఏడాదిని ముట్టుకోకుండా ఈ ఏడాది తేదీతో సవరణ జర్నల్ వేయండి. కారణం నరేషన్‌లో రాయండి.

టాలీలో గ్రూప్ కంపెనీ సదుపాయం రెండు పుస్తకాలనూ కలిపి చూపిస్తుంది. కానీ మీలో మీరు చేసుకున్న అమ్మకం, కొనుగోలును అది తీసేయదు. కలిపి చూసిన టర్నోవర్ నిజం కంటే ఎక్కువగా కనిపిస్తుంది. బ్యాంకుకు ఆ అంకె ఇవ్వకండి.

ఆడిటర్‌ను మీరే అడగాల్సింది ఒకటుంది. డైరెక్టర్ భాగస్వామిగా ఉన్న ఫర్మ్‌కు కంపెనీ అప్పు ఇవ్వడాన్ని 2013 కంపెనీల చట్టం 185వ సెక్షన్ అడ్డుకుంటుంది. కొన్ని ప్రైవేట్ కంపెనీలకు షరతులతో మినహాయింపు ఉంది. మీది అందులోకి వస్తుందో లేదో తేలేదాకా కొత్త చేబదులు ఆపండి. షాపు అద్దెను ఫర్మ్ ఖాతా నుంచే కట్టండి.