డైనోసార్లు పోయింది ఉల్క వల్లా, అగ్నిపర్వతాల వల్లా? మా క్వారీల్లో చూసింది చెప్తాను

స్కూల్లో ఆస్టరాయిడ్ అని చెప్పారు, యూట్యూబ్‌లో ఒకాయనేమో దక్కన్ లావా (మన దక్కన్ పీఠభూమి మీద అగ్నిపర్వతాల నుంచి పారిన లావా) వల్ల అంటున్నాడు, ఏది నమ్మాలి అని అడిగారు కదండీ. నేను సైంటిస్టుని కాదు, డిగ్రీలో జియాలజీ చదివానంతే, కానీ ఈ వాదన తాలూకు సాక్ష్యం ఒకటి మా ఊరి పక్కనే ఉంది కాబట్టి రాయకుండా ఉండలేకపోతున్నా.

మాది కొవ్వూరు దగ్గర. గౌరీపట్నం, దుద్దుకూరు వైపు వెళ్లినవాళ్లకి తెలుసు, అటంతా నల్లరాయి క్వారీలు, క్రషర్లు, టిప్పర్ల దుమ్ము. మా మావయ్య ఒక క్వారీలో పనిచేసేవాడు, సెలవుల్లో క్యారేజీ పట్టుకెళ్లేది నేనే. క్వారీ గోడ చూస్తే కింద నల్లరాయి, పైన నల్లరాయి, మధ్యలో తెల్లగా ఒక పొర ఉండేది. ఆ తెల్లరాయి కంకరకి పనికిరాదని ఓ పక్కన పోసేసేవాళ్లు, ఆ కుప్పలో రాయికి అతుక్కుపోయిన ఆల్చిప్పలు దొరికేవి, గోరుతో గీస్తే సుద్దలా పొడి రాలేది. సముద్రం ఎక్కడ మేం ఎక్కడ, ఇవెలా వచ్చాయి మావయ్యా అంటే "గోదారి వరదకి కొట్టుకొచ్చుంటాయిలేరా" అనేవాడు.

డిగ్రీలో ఫీల్డ్ ట్రిప్ అని మా మేడం మమ్మల్ని తీసుకెళ్లింది సరిగ్గా అటువైపే. కింద నల్లరాయి మీద చెయ్యి పెట్టి, ఇదీ ఆ దక్కన్ లావానే, పడమటి కనుమల వైపు నుంచి దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారుకుంటూ వచ్చింది అని చెప్పింది. నాకు ఒళ్లు జలదరించింది నిజంగా. ఆ లావా గడ్డకట్టాక దాని మీదకి సముద్రం వచ్చి ఆల్చిప్పలు, గుల్లలు పేర్చింది, కొన్ని లక్షల ఏళ్లకి మళ్లీ లావా వచ్చి దాన్ని కప్పేసింది, అదీ ఆ మూడు పొరల సంగతి.

2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీకి చెందిన గెర్టా కెల్లర్ టీమ్ ఈ రాజమండ్రి క్వారీల మీదే పేపర్ వేసింది. ఆ తెల్లపొరలో మైక్రోస్కోప్‌లో తప్ప కనపడని సముద్ర జీవుల గుల్లలు ఉన్నాయి, అవి డైనోసార్లు పోయిన వెంటనే పుట్టుకొచ్చిన రకాలు. అంటే కింది లావా వచ్చి ఆగడమూ, ఆ వినాశనమూ ఇంచుమించు ఒకే టైమ్‌లో జరిగాయన్నమాట, అందుకే ఆవిడ అగ్నిపర్వతాలే అసలు కారణం అని గట్టిగా వాదిస్తారు.

ఇక ఉల్క సంగతి. 1980లో లూయీ అల్వారెజ్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఆయన కొడుకు వాల్టర్, ఇంకో ఇద్దరు కలిసి ఇటలీలో గుబ్బియో దగ్గర డైనోసార్లు పోయిన కాలం నాటి ఒక్క సెంటీమీటర్ మందం బంకమట్టి పొరలో ఇరిడియం అనే లోహం మామూలు కంటే 30 రెట్లు ఉందని చూపించారు. భూమి పైపొరలో ఇరిడియం చాలా తక్కువ, ఉల్కల్లో ఎక్కువ, కాబట్టి అప్పుడు పెద్ద ఉల్క పడిందన్నారు. తర్వాత 1991లో మెక్సికోలో చిక్సులూబ్ గొయ్యి ఆ ఉల్క పడి ఏర్పడిందే అని తేల్చారు, 180 కిలోమీటర్ల వెడల్పు, వయసు 6.6 కోట్ల ఏళ్లు, డైనోసార్లు పోయిన కాలంతో లెక్క సరిపోయింది. అక్కడి రాయిలో జిప్సం లాంటివి ఉండటంతో దెబ్బకి గంధకం ఆకాశంలోకి లేచి మసితో కలిసి ఎండని ఆపేసింది, మొక్కలు పోతే తినేవి పోయాయి, వాటిని తినేవీ పోయాయి. మొత్తం జాతుల్లో 75 శాతం దాకా తుడిచిపెట్టుకుపోయాయి. డైనోసార్లలో మిగిలింది పక్షులే, మన పెరట్లో కోడి కూడా ఆ వంశమే.

నన్నడిగితే చంపింది ఉల్కేనండి. ఎందుకంటే లావా లక్షల ఏళ్ల పాటు ఆగి ఆగి వచ్చింది, చావు మాత్రం ఒక్కసారిగా వచ్చింది, పైగా ఇరిడియం పొర ప్రపంచంలో ఎన్నోచోట్ల అదే లెవెల్లో దొరుకుతుంది. అలాగని లావాని తీసిపారేయొద్దు. 2019లో ఒకే సైన్స్ పత్రికలో రెండు టీమ్‌లు దక్కన్ రాళ్ల వయసు లెక్కగట్టి, ఒకరు పెద్ద లావా ఉల్కకి కొంచెం ముందే వచ్చింది అన్నారు, ఇంకొకరు ఎక్కువ భాగం తర్వాతే అన్నారు. ఉల్క దెబ్బకి భూమి అదిరి లావా ఇంకా పెరిగిందనే వాదన కూడా ఉంది. కాబట్టి మీ యూట్యూబ్ ఆయన చెప్పింది పూర్తిగా తప్పనడానికి లేదు, కానీ ఉల్క లేదు అంటే మాత్రం నమ్మకండి.

చూడాలనుంటే రాజమండ్రి దిగి దుద్దుకూరు వైపు రండి, క్వారీవాళ్లని అడక్కుండా లోపలికి దిగొద్దు, బ్లాస్టింగ్ టైమ్ కనుక్కోండి. త్వరగా రండి కూడా, నేను చిన్నప్పుడు ఆల్చిప్పలు ఏరుకున్న గొయ్యిలో ఇప్పుడు నీళ్లు నిలిచిపోయాయి, తెల్లపొర సగం మునిగిపోయింది. కంకర కొట్టుకోవద్దని ఎవరం అనం, మా ఇళ్లన్నీ దాంతోనే లేచాయి, మూడు పొరలూ కనిపించేలా ఒక్క గోడ వదిలేయమని ఎన్నిసార్లు అనుకున్నానో.